చెల్లెలికి చూపని కాలు

చిత్తూరులో షుగరు డాక్టరు జయరావు క్లినిక్‌కి వెళ్ళేవాళ్ళలో చాలామందికి చౌడేశ్వరి పేరు తెలియదు. అందరూ ఆమెను కాళ్ళమ్మ అంటారు. “కాళ్ళమ్మ ఉండాదా ఈ పొద్దు?” అని అడిగి, ఉందంటేనే టోకెను తీసుకునేవాళ్ళున్నారు. నలభై నాలుగేళ్ళ మనిషి. పద్నాలుగేళ్ళుగా చిన్న పీట మీద కూర్చుని, ఒకరి తరువాత ఒకరి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని చూసీ చూసీ మెడ కాస్త ముందుకు వంగిపోయింది.

ఆమె పని ఆనెకాయలు తీయడం, పాదాల కింద కట్టిన కాయలు చెక్కడం, అవి మళ్ళీ రాకుండా చెప్పులు సరిచేయించడం. వినడానికి ఇంతే. కానీ షుగరు ఉన్న మనిషికి ఆ కాయ కిందే పుండు పుడుతుంది, ఆ పుండు కిందే ఎముక ఉంటుంది. కాయను వేళకు తీయకపోతే కాలు ఎంతవరకు పోతుందో ఎవరూ చెప్పలేరు.

మామిడికాయల మండీలో గంపలు మోసే నాగులమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చిటికెనవేలు పక్కన ఆనె చుట్టూ ఎర్రగా గాట్లున్నాయి.

“ఎవరు కోసినారు దీన్ని?” అని అడిగింది చౌడేశ్వరి.

“నేనే మా. మా ఇంటాయన గడ్డం బ్లేడు ఉంటే దాంతో.”

“కోస్తే పోయిందా?”

“పోతాది. నెల తిరక్కముందే మళ్ళా వస్తాది.”

“వస్తాది. దాని వేరు నీ కాల్లో లేదు, నీ చెప్పులో ఉండాది.” అని నాగులమ్మ చెప్పును తిరగేసి చూపించింది. చిటికెనవేలు ఒరుసుకునే చోట పట్టీ అంచు కత్తిలా అరిగి ఉంది. “ఈడ ఒత్తుకుంటా ఉంటే తోలు పాపం ఏం చేస్తాది? తనను తాను కాపాడుకోవాలని గట్టిపడతాది. ఒకే చోట ఒత్తితే లోపలికి మేకు మాదిరి దిగతాది. అదే ఆనె.”

అలా మాట్లాడుతూనే సన్నని కత్తిని పడుకోబెట్టినట్టు పట్టుకుని, ఎండిన తోలును పొర మీద పొర తీసింది. కత్తి మొనతో మధ్యలోని మేకును తవ్వి తీస్తే నాగులమ్మకు చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. తరువాత పట్టీ కింద మెత్తటి రబ్బరు ముక్క అతికించి పంపింది. వెళ్ళేముందు అందరికీ చెప్పే మాటలే చెప్పింది. చెప్పులు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం ఉబ్బి తన నిజమైన కొలత చూపిస్తుంది. పడుకునేముందు కొబ్బరినూనె రాసుకోవాలి, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు. రోజూ అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవాలి. మందుల షాపులో అమ్మే ఆనె పట్టీ షుగరున్నవాళ్ళు ముట్టుకోకూడదు. “ఆ పట్టీలో ఉండేది యాసిడ్. ఆనె ఏదో మంచి తోలు ఏదో దానికి తెలీదు” అనేది. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉండేది. రెండేళ్ళ నుంచి మాత్రం అలా ఉండడం లేదు.

చౌడేశ్వరిది నగరి. నేతపని చేసుకునే దేవాంగుల ఇల్లు. ఆమెకు తొమ్మిదేళ్ళు నిండకముందే నాయన ఛాతీ జబ్బుతో పోయాడు, అమ్మ ఆయన వెనకనే పోయింది. అప్పటికి అన్న కుప్పయ్యకు ఇరవై మూడు. వదిన సుబ్బులమ్మ కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. వాళ్ళకు తరువాత పిల్లలు కలగలేదు. లోకులు రకరకాలుగా అన్నప్పుడు కుప్పయ్య “మాకు ఉండేది ఒక బిడ్డ, అదిగో ఇస్కూలుకు పోతాంది” అని చెల్లెల్ని చూపించేవాడు.

చేతిమగ్గం కూడు పెట్టని రోజులొచ్చాక అతను మరమగ్గాల షెడ్డులో చేరాడు. నాలుగు మగ్గాలు ఒక్కడే చూసుకోవాలి. ఈ మగ్గంలో పోగు తెగితే ఇటు, ఆ మగ్గంలో నాడెలో దారం అయిపోతే అటు. పొద్దున ఏడింటికి ఎక్కితే సాయంత్రం దాకా సిమెంటు నేల మీద నడకే. చెప్పులతో షెడ్డులోకి ఎవరూ పోరు. మగ్గం ఉన్న చోటు కులదేవత చౌడమ్మ తల్లి ఉన్న చోటు, అక్కడ చెప్పులేమిటి? చెల్లెలికి ఆ తల్లి పేరే పెట్టుకున్న ఇల్లది. అలా ముప్పై ఏళ్ళు ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు. ఆ కూలితోనే చెల్లెల్ని తిరుపతిలో నర్సు చదువు చదివించాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్ మోహన్‌కృష్ణకు ఇచ్చి పెండ్లి చేశాడు.

కుప్పయ్య కుడిపాదం కింద, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్ళంత కాయ ఉండేది. దాని మధ్యలో ఆనె. పొద్దున లేచి మొదటి అడుగు వేసేటప్పుడు పళ్ళు బిగించేవాడు. వేలూరులో ఆరు వారాలు పాదాల పని నేర్చుకుని వచ్చాక చౌడేశ్వరి మొదట అనుకున్నది ఆ కాలి గురించే. కత్తి, దూది, మందు సంచిలో పెట్టుకుని నగరికి పోయింది. అన్న ముందు పీట వేసుకుని కూర్చుంది.

కుప్పయ్య పాదాన్ని పంచె కిందికి లాక్కున్నాడు.

“ఏం పని మే ఇది? లెయ్.”

“అన్నా, ఇదే నా పని. నొప్పి లేకుండా తీస్తాను.”

“ఊరోళ్ళకు తియ్యి. నేను వద్దంటానా? ఇంటి ఆడబిడ్డ చేత కాళ్ళు పట్టించుకుంటే ఆ ఇంట్లో దీపం నిలస్తాదా? మీ ఆయన కాళ్ళు కడిగి నిన్ను ఇచ్చినోడ్ని నేను. నాయన స్థానంలో కూసోని ఇచ్చినాను. నా కాళ్ళు నువ్వు ముట్టుకోకూడదు.”

కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమె ఎదురు చెప్పలేకపోయింది. సంచి సర్దుకుని, వదిన పెట్టిన అన్నం తిని, పుత్తూరులో బస్సు మారి చిత్తూరు వచ్చేసింది. ఆ తరువాత ఎన్నిసార్లు పోయినా అన్న పాదం పంచె కిందనే ఉండేది. అతను షాపులో ఆనె పట్టీలు కొనుక్కుని వేసుకునేవాడు. తోలు తెల్లగా ఉబ్బి ఊడేది. మళ్ళీ కాయ కట్టేది.

యాభై దాటాక షుగరు బయటపడింది. చౌడేశ్వరి మాత్రలు ఇప్పించింది. వేసుకున్నాడో లేదో, ఫోనులో అడిగితే వేసుకుంటున్నాననే అనేవాడు.

రెండేళ్ళ కిందట ఉగాది దాటిన వారంలో ఆమె నగరి పోయినప్పుడు కుప్పయ్య గుమ్మంలోనే ఎదురై, చిన్నపిల్లాడిలా నవ్వుతూ చెప్పాడు.

“ఆనె నొప్పి పోయింది మే. తిరుత్తణి స్వామి దయ. ఇప్పుడు కాలు ఆనిస్తే ఏమీ తెలీడమే లేదు.”

చౌడేశ్వరి అన్న కాలి వైపు చూసింది. ఈ మాట క్లినిక్‌లో ఎందరి నోటో విన్నది. నొప్పి పోయిందని సంతోషంగా చెప్పేవాళ్ళ కాళ్ళనే ఆమె ఎక్కువ సేపు చూసేది.

“కాయ పోయిందా?”

“కాయ ఉండాది. నొప్పి పోయింది.”

ఆమె సంచిలోంచి చిన్న నైలాన్ పోగు తీసింది. పిడికి బిగించిన ఆ పోగును అరికాలికి ఆనించి, అది వంగేదాకా ఒత్తితే స్పర్శ ఉన్నవాళ్ళకు తెలిసిపోతుంది. అన్న కాలివైపు ఒక అడుగు వేసి, ఆగి, దాన్ని వదిన చేతిలో పెట్టింది. “నేను ముట్టుకోను అన్నా. వదిన పెడతాది. నువ్వు కండ్లు మూసుకోని, తగిలినప్పుడల్లా చెప్పు.”

కుప్పయ్య మంచం మీద కాళ్ళు చాపి కళ్ళు మూసుకున్నాడు. చౌడేశ్వరి గడప దగ్గర నిలబడి వేలితో చోటు చూపించింది. సుబ్బులమ్మ మడమ మీద పెట్టింది. “ఊ” అన్నాడు. పాదం మధ్యలో పెట్టింది. కొంచెం ఆలస్యంగా “ఊ” అన్నాడు. బొటనవేలి కొసన పెట్టింది. కాయ అంచున పెట్టింది. పోగు విల్లులా వంగింది. వదిన చౌడేశ్వరి వైపు చూసింది. మరో చోట పెట్టింది. మళ్ళీ వంగింది.

“పెట్టండి మరి. ఎంతసేపు కండ్లు మూసుకోవాల?” అన్నాడు కుప్పయ్య.

సుబ్బులమ్మ చేయి అలాగే ఆగిపోయింది. చౌడేశ్వరి గోడకు ఆనుకుని అతనికి అర్థమయ్యేలా చెప్పింది. స్వామి దయ కాదన్నా, నరాలు చచ్చిపోయినాయి. ఇంక నీ కాలికి ఏం జరిగినా నీకు తెలీదు. ఉత్త కాళ్ళతో అడుగు పెట్టొద్దు. చిత్తూరుకు రా, డాక్టరు సారు చూస్తాడు.

“డాక్టరు చూస్తే వస్తాను” అన్నాడు కుప్పయ్య. “కోసేది కూడా ఆయనేనా?”

ఆమె అబద్ధం చెప్పలేక “నేనుంటాను కదా” అంది. అతను పాదాన్ని మళ్ళీ పంచె కిందికి లాక్కున్నాడు.

మరుసటి వారం షుగరువాళ్ళకు చేయించే మెత్తటి అడుగున్న చెప్పులు, అన్న కాలి కొలత ఊహించి ఆమె చేయించి పంపింది. అవి షెడ్డు బయట, మిగతావాళ్ళ చెప్పుల వరసలో శుభ్రంగా ఉండేవి. అరిగేవి కావు.

ఆడికృత్తిక పండగకు నగరి నుంచి తిరుత్తణికి కావడి ఎత్తుకుని నడిచిపోవడం కుప్పయ్యకు పెండ్లికి ముందు నుంచీ అలవాటు. ఆ ఏడు ఆమె నాలుగుసార్లు ఫోను చేసింది. “బస్సులో పో అన్నా. కొండ మెట్లు ఎక్కు, నడవొద్దు. నడిచేటట్టయితే చెప్పులు వేసుకో.”

“కావడి ఎత్తుకోని చెప్పులేసుకుంటారా ఎవరైనా?” అని నవ్వాడు. “నొప్పే లేకుండా చేసిన సామికి ఈ ఒక్క ఏడు నడవకపోతే ఎట్ల మే?”

నడిచాడు. తారురోడ్డు మీద ఎండలో. తిరిగి వచ్చాక పాదం కింద కాయ నల్లబడిందని సుబ్బులమ్మ చూసింది. చెల్లెలికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేనే పోయి చూపించుకుంటాను అన్నాడు.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం క్లినిక్‌లో ఉండగా చౌడేశ్వరికి వదిన ఫోను వచ్చింది. సుబ్బులమ్మ ఒట్టు తప్పింది. “మీ అన్నకు చలిజ్వరం. కాలికాడ నుంచి వాసన వస్తాంది. మోహన్‌కృష్ణను కూడా తీసుకోని రా.”

ఆ సాయంత్రమే కారు మాట్లాడుకుని తిరుపతిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. జ్వరంలో అతనికి సగమే తెలివి ఉంది. వార్డులో సిస్టరు మరో పేషెంటు దగ్గర ఉంటే, చౌడేశ్వరి చేతి తొడుగులు అడిగి తీసుకుని తానే కట్టు విప్పింది. అన్న పాదం ఆమె చేతుల్లోకి రావడం అదే మొదటిసారి. కాయ చుట్టూ తోలు బూడిదరంగులో ఉంది. మధ్యలో పాతికపైసల బిళ్ళంత గుంత. సెలైను పోసి కడుగుతూ ఉంటే లోపల తెల్లగా ఎముక కనిపించింది. పాదం వాచి, ఎరుపు చీలమండ దాటి పైకి పాకింది.

కుప్పయ్య కళ్ళు తెరిచాడు. కింద ఎవరున్నారో గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది. కాలు లాక్కోబోయాడు. కదలలేదు.

“వొద్దు మే” అన్నాడు. “లెయ్. నువ్వు ఆడ కూసోకూడదు.”

“సరే అన్నా, లేస్తాను. ఇదొక్కటి కట్టేసి లేస్తాను” అంది. కట్టు కట్టింది. పని తెలిసిన చేతులు. కట్టు చివర ప్లాస్టరు అంటించాక మాత్రం ఆ పాదం మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మరునాడు మోకాలి కింద దాకా కాలు తీసేశారు. అప్పటికే విషం రక్తంలోకి చేరింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఐదో రోజు పొద్దున, సుబ్బులమ్మ మొహం కడుక్కోవడానికి పోయి వచ్చేలోపల కుప్పయ్య పోయాడు. అతనికి యాభై ఎనిమిదేళ్ళు.

పెద్దకర్మ రోజు క్లినిక్ నుంచి మునిలక్ష్మి వచ్చింది. టోకెన్లు రాసే అమ్మాయి. చౌడేశ్వరిని కౌగలించుకుని ఓదార్చి, దండ వేసిన ఫోటో ముందు దండం పెట్టుకోబోయి ఆగిపోయింది. ఇంకోసారి దగ్గరగా చూసింది.

“అక్కా, ఈయప్ప మన క్లినిక్‌కి వచ్చినాడే.”

“యాడ వచ్చినాడు? ఎప్పుడూ రాలే.”

“వచ్చినాడక్కా. ఆగస్టులో. నాకు బాగా గుర్తుండాది. ఊరు అడిగితే నగరి అన్నాడు, నీ ఊరోళ్ళు కదా అని నేనే ముందు టోకెను ఇచ్చినా. నీ రూముకు ఎదురుగా బెంచీలో కూసున్నాడు. తలుపు తెరిచే ఉండె. గంటసేపు కూసున్నాడు, లోపలికే చూస్తా. పేరు పిలిస్తే లేడు. టోకెను బెంచీ మీద పెట్టేసి పోయినాడు.”

చౌడేశ్వరి వదిన వైపు తిరిగింది. సుబ్బులమ్మ తల దించుకుని కొంగు చివర మడతలు పెడుతోంది.

“నీకు తెలుసా వదినా?”

“తెలుసు.” కొంగు వదిలేసింది. “ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం తినలే. ఏమైంది, డాక్టరు ఏమన్నాడంటే, డాక్టరును చూడలేదన్నాడు. ‘మన చౌడిని చూసినాను సుబ్బూ. ఒక ముసలాయన కాలు ఒళ్ళో పెట్టుకోని కింద కూసుండాది. నేను దాన్ని అంత చదువు చదివించింది ఊరోళ్ళ కాళ్ళకాడ కూసోడానికా అని ముందు కడుపు రగిలిపోయింది. మళ్ళా చూస్తే అది నవ్వతా మాట్లాడతాంది. ఆ ముసలాయన లేచి పోతా పోతా దానికి దండం పెట్టినాడు. అప్పుడు బాగనిపించింది. ఊరోళ్ళంతా దండం పెట్టే నా బిడ్డకాడికి పోయి, నేను కాలు చాపతానా? చాపలేకపోయినాను. వచ్చేసినాను’ అన్నాడు.”

ఇంట్లో చుట్టాలున్నారు. విస్తళ్ళు వేస్తున్నారు. చౌడేశ్వరి ఏడవలేదు. ఆగస్టులో అని మాత్రం రెండుసార్లు అంది. ఆగస్టులో అంటే కాయ కింద రక్తం గడ్డకట్టి నల్లబడిన రోజులు. పుండు ఎముకదాకా పోని రోజులు. బెంచీకి, ఆమె పీటకు మధ్య ఆరడుగులు కూడా ఉండవు. ఆ గంటసేపట్లో ఒక్కసారి తలెత్తి ఉంటే కనిపించి ఉండేవాడు. ఆమె మెడ వంచుకుని పని చేసుకుంటోంది.

క్లినిక్‌కి తిరిగి పోయిన మూడో రోజు ఒక పంతులుగారి పాదం చెక్కుతుంటే కత్తి లోతుగా దిగి రక్తం వచ్చింది. పన్నెండేళ్ళలో అలా జరగలేదు. జయరావు తానే కట్టు కట్టి, ఆమెను నెల రోజులు ఇంట్లో ఉండమన్నాడు. వెళ్ళేముందు ఆమె ఒక్కటి అడిగింది.

“నా రూము తలుపుకు ఒక తెర కట్టించండి సార్.”

“ఎందుకమ్మా?”

“బయట కూసున్నోళ్ళకు లోపల కనపడకుండా.”

ఆయన ఆమె మొహం చూశాడు. తెర కట్టించాడు.

ఆ నెల రోజులూ ఆమె ఎవరి కాళ్ళ వైపూ చూడలేదు. బస్సులో, అంగట్లో నేల వైపు చూడకుండా నడిచేది. ఇరవై రోజులు గడిచాక నగరి నుంచి సుబ్బులమ్మ ఫోను చేసింది.

“మీ అన్న పక్క మగ్గాలు చూసే చిన్నబ్బ ఉండాడు కదా. ఆయప్పకూ షుగరే. నిన్న కాలు చూపించమని నేనే అడిగినాను. ఆ పోగు పెట్టి చూసినాను. తెలీడం లేదంటాడు. కాయలో నల్లగా చుక్క ఉండాది. నువ్వు రా.”

“నా చేత కాదు వదినా.”

“నీ చేత కాకపోతే ఇంకెవరి చేత అయితాది? నాకు ఈడ తెలిసింది చూసేది ఒక్కటే. తీసేది తెలీదు.”

చౌడేశ్వరి పోయింది. షెడ్డు బయట వేపచెట్టు నీడలో చిన్నబ్బ స్టూలు మీద కూర్చుని, ఏ బిడియమూ లేకుండా కాలు చాపాడు. అదే చోటు, బొటనవేలి మొదట్లో. లోపల మగ్గాలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె కత్తి తీసి కాసేపు అలాగే పట్టుకుంది. తరువాత పొర తీసింది. మళ్ళీ పొర తీసింది. నల్లని చుక్క కింద పెసరగింజంత పుండు బయటపడింది. అది ఇంకా లోపలికి దిగలేదు. కడిగి, కట్టు కట్టి, మెత్తటి దళసరి గుడ్డను ఆ చోటు మటుకు గుండ్రంగా కత్తిరించి బరువు పడకుండా అతికించి, నడవకుండా కూర్చోమంది. ఆ మధ్యాహ్నమే చిత్తూరుకు తీసుకుపోయి జయరావుకు చూపించి మందులు రాయించింది. షెడ్డు యజమానితో మాట్లాడి అతనికి కూర్చుని కండెలకు దారం చుట్టే పని ఇప్పించింది సుబ్బులమ్మ. లోపల వేసుకోవడానికి మాత్రమే అని కొత్త చెప్పుల జత ఒకటి, పసుపు కుంకుమ పెట్టి మగ్గం ముందే ఉంచింది. పెద్దవాళ్ళు ఇద్దరు గొణిగారు. సుబ్బులమ్మ మొహం చూసి ఊరుకున్నారు.

ప్రతి ఆదివారం చౌడేశ్వరి బస్సెక్కి పోయి కట్టు మార్చింది. ఏడో ఆదివారం కట్టు విప్పితే కింద గులాబీరంగు తోలు వచ్చి ఉంది. చుట్టూ నొక్కి చూసింది. తడి లేదు, వాపు లేదు.

“మానింది” అంది.

చిన్నబ్బ కాలు తిప్పి తిప్పి చూసుకున్నాడు. “ఇంతేనా మా?”

“ఇంతే అన్నా” అంది చౌడేశ్వరి.

కత్తి తుడిచి పెట్టెలో పెట్టింది. చిన్నబ్బ చెప్పులేసుకుని లోపలికి పోయాక, ఆ స్టూలు పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చింది. అన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఏడు వారాలు. ఏడు కట్లు. ఆ పుండు అంత తేలిగ్గా మానే పుండు.

సుబ్బులమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెను ఊరుకోమనలేదు.